రేబిస్ ఒక జంతుజాతి నుంచి మరో జాతికి దాటినప్పుడు వైరస్ మారుతోందా, లేక దానిని మోసే జంతువు మాత్రమే మారుతోందా?

జిజ్ఞాసి (ప్రశ్న)

రేబిస్ గురించి కొన్నాళ్లుగా చదువుతున్నాను. చదివినకొద్దీ ఒక చిక్కుముడి బిగుసుకుంటోంది తప్ప విడిపోవడం లేదు. పాలిచ్చే జంతువుల్లో దేనికైనా ఈ వ్యాధి సోకగలదని ఏ పుస్తకం తెరిచినా కనిపిస్తుంది. కుక్క, పిల్లి, ఆవు, గుర్రం, నక్క, తోడేలు, ముంగిస, గబ్బిలం, మనిషి, ఎవరినీ వదలదు. అందరికీ సోకే వైరస్ ఒక్కటే అయినప్పుడు పరిశోధకులు "కుక్కల రేబిస్", "నక్కల రేబిస్", "రక్కూన్ల రేబిస్", "గబ్బిలాల రేబిస్" అని విడివిడిగా ఎందుకు మాట్లాడుతున్నారు? అవి వేర్వేరు వైరస్‌లా, ఒకే వైరస్‌కు పెట్టిన వేర్వేరు పేర్లా?

దీని వెంటే మరో సందేహం ఉంది. ఈ వైరస్ జన్యుపదార్థం ఆర్‌ఎన్‌ఏ అనీ, ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లు తమ నకళ్లు తయారు చేసుకునేటప్పుడు తప్పులు ఎక్కువగా చేస్తాయనీ, అందువల్ల త్వరత్వరగా రూపం మార్చుకుంటాయనీ అంటారు. ఇన్‌ఫ్లూయెంజా టీకాను తరచుగా మార్చవలసి రావడానికి కారణం అదేనట. మరి రేబిస్ టీకాల మూలం పాశ్చర్ కాలం నాటిదైనా ఇప్పటికీ పనిచేస్తూనే ఉన్నది కదా? వేగంగా మారే వైరస్ అయితే ఇది ఎలా సాధ్యం?

నేను అసలు తెలుసుకోదలచినది ఇది. మనుషుల మధ్య బ్రతికే కుక్క నుంచి అడవి జంతువుకూ, అక్కడి నుంచి తిరిగి కుక్కకూ వైరస్ వెళ్లేటప్పుడు, ప్రతిసారీ కొత్త శరీరానికి తగినట్టు తనను తాను మార్చుకుంటుందా? లేక ఉన్నది ఉన్నట్టుగానే సోకి, జంతువు మారడమే మనకు వైరస్ మారినట్టు కనిపిస్తోందా?

సూక్ష్మలోకం

మీ రెండో సందేహంతో మొదలుపెడతాను, ఎందుకంటే మొదటిదానికి జవాబు అందులోనే ఉన్నది.

రేబిస్ వైరస్ జన్యుపదార్థం ఒకే పోగు ఆర్‌ఎన్‌ఏ. పొడవు సుమారు 12,000 అక్షరాలు. అందులో ఐదే జన్యువులు. ఆర్‌ఎన్‌ఏను కప్పి ఉంచే ప్రోటీన్ ఒకటి, నకలు తీసే ఎంజైమ్ ఒకటి, దానికి సహాయపడుతూ ఆశ్రయమిచ్చిన జంతువు రక్షణ వ్యవస్థ నోరు నొక్కేది ఒకటి, తూటా ఆకారపు వైరస్ కణానికి పొందిక తెచ్చేది ఒకటి, పైన ముళ్లలాగా పొడుచుకు వచ్చి నాడీకణాలను పట్టుకునే గ్లైకోప్రోటీన్ ఒకటి. నకలు తీసే ఎంజైమ్‌కు తాను రాసినది తిరిగి చదివి దిద్దుకునే శక్తి లేదు. కాబట్టి తప్పులు దొర్లుతాయన్న మాట నిజమే. కానీ తప్పులు దొర్లడం వేరు, ఆ తప్పులు నిలవడం వేరు.

ఇన్నేళ్లుగా సేకరించిన వైరస్ నమూనాలను వరుసగా పెట్టి పోల్చినప్పుడు, మొత్తం జన్యుపదార్థంలో ఏడాదికి స్థూలంగా రెండు నుంచి ఐదారు అక్షరాలు మాత్రమే మారి నిలబడుతున్నట్టు తేలుతుంది. ఆ మారిన అక్షరాల్లోనూ చాలావరకు ప్రోటీన్ నిర్మాణాన్ని మార్చని నిశ్శబ్ద మార్పులే. అంటే పుట్టిన తప్పుల్లో అధికభాగం వడపోతలో రాలిపోతున్నాయన్నమాట. ఈ వడపోత ఇంత కఠినంగా ఉండటానికి కారణం వైరస్ జీవనవిధానంలోనే ఉన్నది. కాటు ద్వారా కండరంలో పడిన వైరస్ అక్కడి నుంచి నాడి కొసను పట్టుకోవాలి. నాడీ తంతువు లోపలి రవాణా వ్యవస్థను ఎక్కి వెన్నుపాముకూ, మెదడుకూ చేరాలి. మెదడులో విపరీతంగా పెరగాలి. అయినా ఆ జంతువును అప్పుడే చంపకుండా, తిరిగి నాడుల వెంటే బయటికి ప్రయాణించి లాలాజల గ్రంథులకు చేరాలి. జంతువు ప్రవర్తన కాటుకు తగినట్టుగా మారేలోగా లాలాజలంలో సిద్ధంగా ఉండాలి. ఐదు జన్యువులతో ఇన్ని పనులు చేయవలసిన వైరస్‌లో ఏ అక్షరం మారినా ఏదో ఒక మజిలీలో బండి ఆగిపోయే ప్రమాదం ఉంటుంది.

రెండో కారణం కూడా ముఖ్యమే. ఇన్‌ఫ్లూయెంజా మారేది ముఖ్యంగా మన రోగనిరోధక శక్తి నుంచి తప్పించుకోవడానికి. ఒకసారి జబ్బుపడి కోలుకున్న మనుషులు కోట్లలో ఉంటారు. వారిని తిరిగి పట్టుకోవాలంటే ఆ వైరస్ పై పూత మార్చుకోక తప్పదు. రేబిస్ సోకిన జంతువు సాధారణంగా కోలుకోదు, చనిపోతుంది. వైరస్ నాడుల లోపల దాగి ప్రయాణిస్తుంది కాబట్టి రోగనిరోధక వ్యవస్థ మేలుకునేసరికే ఆలస్యమైపోతుంది. తప్పించుకోవలసిన అవసరమే లేనివాడు వేషం మార్చడు. నేటికీ వాడుకలో ఉన్న కొన్ని టీకాల వైరస్ పరంపర 1880ల నాటి పాశ్చర్ ప్రయోగశాల దాకా వెళుతుంది, అయినా కుక్కల రేబిస్ మీదా, నక్కల రేబిస్ మీదా, అమెరికా ఖండాల గబ్బిలాల రేబిస్ మీదా అవి పనిచేస్తున్నాయి.

ఇక పేర్ల సంగతి. కుక్కల రేబిస్, రక్కూన్ల రేబిస్ అన్నవి ఒకే జాతి వైరస్‌లో వేర్వేరు వంశాలు. ఒక వంశం ఒక జంతుజాతిలో తరతరాలుగా, కాటు నుంచి కాటుకు, గొలుసు తెగకుండా సాగుతూ వచ్చినప్పుడు ఏడాదికేడాది నిలిచే ఆ కొద్ది అక్షరాల మార్పులు పోగుపడి అది తన సొంత గుర్తులను సంతరించుకుంటుంది. ఆ గుర్తుల్లో కొన్ని ఆ జంతువుకు తగిన సర్దుబాట్లు కావచ్చు. చాలా గుర్తులు మాత్రం కేవలం ఇంటిపేరు వంటివి, వంశాన్ని చెబుతాయి తప్ప సామర్థ్యాన్ని చెప్పవు. ఈ తేడాను మరిచిపోవడం వల్లనే సగం గందరగోళం వస్తుందని నా అభిప్రాయం.

అలాగని ఆశ్రయాన్ని బట్టి వైరస్ మారగలదన్నది ఊహ కాదు, దానికి అతి పాత రుజువు పాశ్చర్ బృందమే చూపించింది. కుక్కల్లో దొరికిన వైరస్‌ను కుందేలు మెదడు నుంచి కుందేలు మెదడుకు వరుసగా ఎక్కిస్తూ పోతే వ్యాధి బయటపడేందుకు పట్టే కాలం తగ్గుతూ వచ్చి, చివరకు సుమారు ఏడు రోజుల దగ్గర స్థిరపడిపోయింది. అందుకే దానిని "స్థిర వైరస్" అన్నారు, వీధి కుక్కల్లో సహజంగా తిరిగేదాన్ని "వీధి వైరస్" అన్నారు. అదే కోతుల్లో వరుసగా ఎక్కిస్తే కుక్కల పట్ల దాని తీవ్రత తగ్గింది. అయితే ఈ ప్రయోగంలో వైరస్‌కు కాటు వేసే పని లేదు, లాలాజలాన్ని చేరే పని లేదు, సూది మోసుకెళ్లింది. ప్రకృతిలో మాత్రం మజిలీలన్నీ తానే దాటుకోవాలి. కుందేలు మెదడులో ఆరితేరిన వైరస్ అడవిలో నాలుగు రోజులు కూడా నిలవలేదు.

అడవిబాట

సూక్ష్మలోకం గారు వైరస్ లోపలి కథ చెప్పారు. బయటి కథ లేకుండా మీ మూడో ప్రశ్నకు జవాబు పూర్తికాదు.

ముందుగా రెండు విషయాలను విడదీసి చూడాలి. ఒక జాతిలో తిరుగుతున్న వైరస్ మరో జాతికి చెందిన జంతువుకు సోకడం ఒకటి. ఆ రెండో జాతిలోనే అది ఒకదాని నుంచి ఒకదానికి సాగుతూ అక్కడే స్థిరపడటం మరొకటి. మొదటిది నిత్యం జరిగేది. రెండోది వైరస్ మకాం మార్చడం, అది చాలా అరుదు. పిచ్చికుక్క కరిచిన ఆవు చనిపోతుంది, కానీ ఆవు మరో ఆవును కరవదు. గొలుసు అక్కడే తెగుతుంది. మనిషి విషయమూ అంతే. వైరస్‌కు ఆవు శరీరంలో పెరగడం చేతకాక కాదు, ఆవు దగ్గర ముందుకు వెళ్లే దారి లేక ఆగిపోతుంది.

గొలుసు సాగాలంటే రేబిస్ సోకిన ఒక్కో జంతువు సగటున కనీసం మరొక జంతువుకైనా దానిని అంటించాలి. కుక్కల్లో ఈ సగటు ఒకటికీ రెండుకూ మధ్యన, చాలాచోట్ల ఒకటికి కాస్త పైన మాత్రమే ఉంటుందని క్షేత్ర పరిశీలనలు చెబుతున్నాయి. ఇంత భయంకరమైన వ్యాధికి ఇంత బలహీనమైన వ్యాప్తి ఏమిటని మొదటిసారి చదివినప్పుడు నాకూ నమ్మబుద్ధి కాలేదు. సోకిన కుక్కల్లో అనేకం మరో కుక్కను కరవకుండానే చనిపోతాయి, కొన్ని మాత్రం చాలా దూరం తిరిగి ఎన్నిటినో కరుస్తాయి. సగటు అంత తక్కువ కాబట్టే కుక్కల్లో 70 శాతానికి టీకాలు వేస్తే గొలుసు తెగిపోతుందన్న లెక్క ఆచరణలో నిలుస్తున్నది.

అడవి జంతువుల్లో ఈ లెక్క ఎలా పనిచేస్తుందో చూడటానికి ఇథియోపియా తోడేళ్లకంటే మంచి ఉదాహరణ, బాధాకరమైన ఉదాహరణ కూడా, మరొకటి లేదు. ఇథియోపియా ఎత్తయిన పీఠభూముల్లో మిగిలి ఉన్న ఈ తోడేళ్లు పెద్దవి 500 కూడా లేవు. వాటిలో అధికభాగం ఉన్న బాలే పర్వతాల్లో 1991–92లో, 2003–04లో, 2008–09లో, తరువాత 2014లో రేబిస్ చెలరేగింది. 2003లో ఒక లోయలోని తోడేళ్లలో సుమారు నాలుగింట మూడు వంతులు చనిపోయాయి. గుంపుగా, ఒకదానినొకటి నాకుతూ బ్రతికే జంతువులు కాబట్టి గుంపులోకి వచ్చిన వైరస్ గుంపంతటినీ తినేస్తుంది. కానీ ప్రతిసారీ అది కొన్ని నెలల్లో తనంతట తానే ఆరిపోయింది, ఎందుకంటే అంత తక్కువ సంఖ్యలో ఉన్న తోడేళ్లు దానిని ఏళ్ల తరబడి నిలబెట్టలేవు. మళ్లీ మళ్లీ నిప్పు వచ్చింది పశువుల కాపరుల కుక్కల నుంచి. అక్కడ దొరికిన వైరస్ కూడా కుక్కల వంశానిదే. టాంజానియాలోని సెరెంగెటి ప్రాంతంలో జరిగిన దీర్ఘకాల పరిశీలనల్లోనూ ఇదే తేలింది. అక్కడ రకరకాల మాంసాహార జంతువులకు రేబిస్ సోకుతుంది, కానీ వాటన్నిటిలో తిరిగేది ప్రధానంగా ఒకే కుక్కల వంశం, దానిని నిలబెడుతున్నవి కుక్కలే.

మీరు అడిగినట్టు "కుక్క నుంచి అడవి జంతువుకు, తిరిగి కుక్కకు" వెళ్లే చాలా సందర్భాల్లో వైరస్ ఏమీ మారవలసిన అవసరం లేదని దీన్నిబట్టి అర్థమవుతుంది. నా దృష్టిలో ఇక్కడ నిర్ణయాత్మకమైనది వైరస్ తెలివి కాదు. ఏ జంతువు ఏ జంతువును కరుస్తుంది, ఎన్ని ఉన్నాయి, ఎంత దగ్గరగా బ్రతుకుతాయి అన్నవే.

దీనికి ఒక విచిత్రమైన మినహాయింపు నమీబియాలోని కూడూలు. కూడూ అంటే మెలితిరిగిన కొమ్ములున్న పెద్ద జింక. శాకాహారి కాబట్టి దానిలో గొలుసు సాగకూడదు. అయినా 1977 నుంచి 1985 వరకు అక్కడ చెలరేగిన రేబిస్‌లో 30,000 నుంచి 50,000 కూడూలు చనిపోయాయని అంచనా. ముళ్లతుమ్మ చెట్ల ఆకులు మేసే ఈ జంతువులకు నోటిలో గీతలు పడుతూనే ఉంటాయి. జబ్బుపడిన కూడూ చొంగ కార్చిన కొమ్మలనే మరో కూడూ మేయడం వల్ల, కాటు లేకుండానే లాలాజలం గాయాల్లోకి చేరిందన్నది ఎక్కువమంది అంగీకరించే వివరణ. వాటిలో దొరికిన వైరస్ జన్యు వరుసలు విడిగా గుంపు కట్టడం కూడా దానికి బలం చేకూర్చింది. కరిచే దారి మూసుకుపోయినా మరో దారి దొరికితే గొలుసు సాగుతుందన్నమాట.

జిజ్ఞాసి

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆవు దగ్గర గొలుసు తెగిపోవడం గురించి ఇంత సూటిగా ఎవరూ చెప్పగా వినలేదు. అయితే ఐరోపాలో ఎర్రనక్కలు, అమెరికాలో రక్కూన్లు (అక్కడి చిన్న అడవి జంతువులు) కుక్కలతో నిమిత్తం లేకుండా దశాబ్దాల పాటు రేబిస్‌ను మోశాయి కదా? అక్కడ వైరస్ నిజంగానే మకాం మార్చింది. అలా మారిన క్షణంలో వైరస్‌లో ఏదో ఒక కీలకమైన మార్పు వచ్చి ఉండాలి అనిపిస్తోంది. ఆ మార్పు ఏమిటో ఎవరైనా పట్టుకున్నారా?

నిశాచరి

ఈ ప్రశ్నకు కుక్కల వంశాలకంటే గబ్బిలాలు మంచి సమాధానం ఇస్తాయి. నేను చాలాకాలంగా వాటి గురించే చదువుతున్నాను కాబట్టి నా మొగ్గు అటే ఉంటుందని ముందే ఒప్పుకుంటున్నాను.

ఉత్తర అమెరికాలో పదుల సంఖ్యలో గబ్బిలం జాతులున్నాయి. వాటిలో ఒక్కో జాతికి దాదాపుగా తనదైన రేబిస్ వంశం ఉన్నది. 2010లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనంలో 23 గబ్బిలం జాతుల నుంచి సేకరించిన 372 వైరస్ నమూనాలను పోల్చారు. ఒక జాతి గబ్బిలం వైరస్ మరో జాతి గబ్బిలానికి సోకడం ఎప్పుడెప్పుడు జరుగుతోందో లెక్కకట్టినప్పుడు, రెండు జాతులు ఒకేచోట తిరగడం, ఒకేచోట నిద్రించడం వంటి వాటికంటే, అవి ఎంత దగ్గరి బంధువులన్నదే ఎక్కువగా నిర్ణయించిందని తేలింది. దగ్గరి చుట్టాల మధ్య దాటడం తేలిక, దూరం పెరిగినకొద్దీ కష్టం. ఇక్కడ అడవిబాట గారితో నేను కొంచెం విభేదిస్తాను. కలిసి తిరగడం, కరవడం ఒక్కటే చాలదు. శరీరాల పోలిక కూడా ఒక గోడే, ఆ గోడ ఎత్తు జాతిని బట్టి మారుతుంది.

ఆ గోడను వైరస్ కళ్లెదుటే దాటిన ఉదంతం ఒకటి ఉన్నది. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని ఫ్లాగ్‌స్టాఫ్ పట్టణం చుట్టుపక్కల 2001లో రేబిస్ సోకిన 19 స్కంకులను (దుర్వాసన చిమ్మే చిన్న అడవి జంతువులను) గుర్తించారు. వాటిలోని వైరస్ స్కంకుల వంశానిది కాదు, పెద్ద గోధుమరంగు గబ్బిలం వంశానిది. ఒక స్కంకుకు సోకితే గబ్బిలం కరిచి ఉంటుందని వదిలేయవచ్చు. 19 స్కంకుల్లో ఒకే రకం వైరస్ దొరికిందంటే అది స్కంకు నుంచి స్కంకుకు సాగుతున్నట్టే. టీకాలు వేసి దానిని అణచినా, ఆ దశాబ్దంలోనే మళ్లీ కనిపించింది, బూడిదరంగు నక్కల్లోనూ కనిపించింది. జన్యు వరుసలు చూస్తే గబ్బిలాల నుంచి నేలమీది జంతువులకు ఒక్కసారి కాక పలుమార్లు దాటినట్టు తేలింది.

ఇక మీరు అడిగిన కీలకమైన మార్పు సంగతి. ఒకే తాళానికి ఒకే తాళంచెవి అన్నట్టుగా, అన్నిచోట్లా వర్తించే ఒక్క మార్పు ఇంతవరకు దొరకలేదు. కొన్ని మకాం మార్పుల్లో గ్లైకోప్రోటీన్‌లోనో, మరో ప్రోటీన్‌లోనో ఒకటి రెండు మార్పులు కనిపించాయి. మరికొన్నిటిలో కొత్త జాతిలో సాగడానికి తగినట్టుగా ఉన్న వైరస్ పాత జాతిలో ముందే తిరుగుతూ ఉండి, సరైన కాటు దొరికినప్పుడు అటు వెళ్లిపోయినట్టు కనిపిస్తుంది. అంటే ఎప్పుడూ "ముందు దాటడం, తరువాత మారడం" అన్న క్రమమే ఉండనక్కరలేదు. ఇప్పుడున్న వైరస్‌ల గుంపులో సిద్ధంగా ఉన్నదేదో, అది దాటుతుంది.

మారే వేగం కూడా వైరస్ సొంత లక్షణం మాత్రమే కాదు. ఉష్ణమండలపు గబ్బిలాల్లో రేబిస్ వంశాలు చలిప్రాంతపు గబ్బిలాల్లోని వంశాలకంటే చాలా వేగంగా మారుతాయి. చలిప్రాంతపు గబ్బిలం నెలల తరబడి శీతాకాల నిద్రలో ఉంటే, దాని శరీరంలోని వైరస్ కూడా దాదాపుగా నిద్రపోతుంది. నకళ్లు తీయకపోతే తప్పులూ పుట్టవు. అదే వైరస్ గడియారం ఒకచోట వేగంగా, మరోచోట నెమ్మదిగా తిరుగుతున్నదన్నమాట.

నన్ను వదలని ఒక వింతను కూడా చెప్పి ఆపుతాను. రేబిస్ వైరస్‌కు లిస్సావైరస్‌లనే బంధువులున్నాయి. ఆఫ్రికాలో, ఐరోపాలో, ఆసియాలో, 1996 నుంచి ఆస్ట్రేలియాలో కూడా అవి దొరికాయి. అవన్నీ గబ్బిలాలవే. కాబట్టి ఈ కుటుంబానికి పుట్టిల్లు గబ్బిలాలేనని చాలామంది నమ్ముతారు. కానీ అసలు రేబిస్ వైరస్ మాత్రం గబ్బిలాల్లో అమెరికా ఖండాల్లో తప్ప మరెక్కడా దొరకలేదు. తక్కిన ప్రపంచంలో అది నేలమీది జంతువుల్లోనే ఉన్నది. మరో తమాషా ఏమిటంటే, ఉత్తర అమెరికా రక్కూన్ల వంశాన్ని వంశవృక్షంలో పెట్టిచూస్తే అది కుక్కల కొమ్మ మీద కాక గబ్బిలాల కొమ్మ మీద వాలుతుంది. రక్కూన్ చూడటానికి కుక్కకు దగ్గరలా ఉన్నా, దాని రేబిస్ మూలం రెక్కలున్న జంతువులో ఉన్నది.

పాతపుటలు

కాలం గురించి ఒక మాట కలపాలని ఉన్నది.

జన్యు మార్పుల వేగాన్ని గడియారంగా వాడి లెక్కిస్తే, నేడు ప్రపంచమంతటా కుక్కల్లోనూ, కుక్కల నుంచి వచ్చిన అడవి జంతువుల్లోనూ తిరుగుతున్న వంశాలన్నిటి ఉమ్మడి పూర్వీకుడు రెండు వేల ఏళ్ల లోపువాడేనని తేలుతుంది. కానీ మెసొపొటేమియాలోని ఎష్నున్నా నగరపు చట్టాలు దాదాపు 4,000 ఏళ్ల నాటివి. పిచ్చికుక్కను కట్టివేయమని హెచ్చరించిన తరువాత కూడా యజమాని పట్టించుకోక, ఆ కుక్క కరిచి మనిషి చనిపోతే, యజమాని 40 షెకెళ్ల వెండి చెల్లించాలని వాటిలో ఉన్నది. చరిత్ర ఒక మాట చెబుతుంటే గడియారం మరో మాట చెబుతున్నట్టు కనిపిస్తుంది.

నిజానికి రెండిటికీ పొత్తు కుదురుతుంది. గడియారం చెప్పేది వ్యాధి వయసు కాదు, బ్రతికి ఉన్న వంశాల వయసు. అంతకుముందు తిరిగిన వంశాలు సంతానం లేకుండా అంతరించి ఉండవచ్చు. పైగా హానికరమైన మార్పులు రాలిపోవడానికి కొంత కాలం పడుతుంది కాబట్టి, ఇటీవలి నమూనాలతో తిప్పిన గడియారం పాత కాలాన్ని ఉన్నదానికంటే దగ్గరగా చూపిస్తుంది.

కుక్కల వంశాల్లో అన్నిటికంటే విస్తరించినదానిని "విశ్వజనీన వంశం" అనవచ్చు. ఐరోపావారి ఓడల్లో వెళ్లిన కుక్కలతో పాటు అది ఆఫ్రికాకూ, అమెరికా ఖండాలకూ చేరింది. చేరినచోట దొరికిన నక్కల్లో, ముంగిసల్లో, స్కంకుల్లో కొన్నిచోట్ల కొత్తగా మకాం పెట్టింది. భారత ఉపఖండంలోనూ, ఆగ్నేయాసియాలోనూ, ధ్రువప్రాంతపు నక్కల్లోనూ ఉన్న వంశాలు వేరు. ఉత్తర ఆఫ్రికాలో కుక్కల రేబిస్ వ్యాపించిన తీరును జన్యు వరుసలతో గీసినప్పుడు, అది కుక్క నడిచే దూరాలకు కాక మనుషులు ప్రయాణించే మార్గాలకు సరిపోయింది. వ్యాధి బయటపడటానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. ఆరోగ్యంగా కనిపించే కుక్క ఆ కాలంలో వాహనంలోనో, పడవలోనో వందల మైళ్లు వెళ్లగలదు. ఇండొనేషియాలోని ఫ్లోరెస్ ద్వీపానికి 1997లో, బాలీకి 2008లో రేబిస్ చేరినది అలాగే. రక్కూన్ల విషయంలో మనిషి చేసిన పని మరీ విడ్డూరం. 1970లలో వేటకోసం అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల నుంచి రక్కూన్లను తెచ్చి ఉత్తరాన వదిలారు. 1977లో వెస్ట్ వర్జీనియాలో మొదటి కేసు కనిపించింది. అక్కడి నుంచి అది తూర్పుతీరం వెంట ఏడాదికి ముప్పై నలభై కిలోమీటర్ల చొప్పున పాకింది.

తైవాన్ ఉదంతం దీనికి తలకిందులు. 1961 నుంచి రేబిస్ లేని ద్వీపమని అందరూ అనుకుంటుండగా, 2013లో ఫెరెట్ బ్యాడ్జర్ అనే చిన్న అడవి జంతువులో అది బయటపడింది. కొత్తగా వచ్చిందేమోనని పరిశీలిస్తే, ఆ వంశం విడిపోయి చాలాకాలమైందని, కుక్కల్లో వ్యాధి పోయిన తరువాత కూడా అడవిలో ఎవరి కంటా పడకుండా సాగుతూ వచ్చిందని తేలింది.

అడవిబాట

నిశాచరి గారి సవరణను అంగీకరిస్తున్నాను. నేను సంపర్కానికి మరీ ఎక్కువ బరువు ఇచ్చాను. కుక్క, తోడేలు, నక్క దగ్గరి చుట్టాలు కాబట్టి నా ఉదాహరణల్లో ఆ గోడ కనిపించలేదు.

జిజ్ఞాసి గారు ఐరోపా ఎర్రనక్కల గురించి అడిగారు. అక్కడి వైరస్ కుక్కల విశ్వజనీన వంశం నుంచి వచ్చినదే. 1940 ప్రాంతంలో పోలండ్ తూర్పు సరిహద్దుల దగ్గర మొదలై ఏడాదికి 20 నుంచి 60 కిలోమీటర్ల వేగంతో పడమటికి కదిలి 1968లో ఫ్రాన్సులో అడుగుపెట్టింది. పెద్ద నదులూ, పర్వతాలూ ఎదురైనచోట దాని నడక మందగించింది, ఆ గీతల వెంబడే వైరస్ ఉపవంశాలు కూడా విడిపోయాయి. నక్కలను చంపి ఆపాలని దశాబ్దాలపాటు ప్రయత్నించారు. చంపినచోట ఖాళీ అయిన నేలకోసం చుట్టుపక్కల నక్కలు కదిలివస్తాయి, కొత్త కొట్లాటలు, కొత్త కాట్లు. ఆ పద్ధతి ఎక్కడా నిలకడగా ఫలించలేదు. ఫ్లోరెస్‌లో కుక్కలను పెద్దయెత్తున చంపినప్పుడూ, పెరూలో రక్తం తాగే గబ్బిలాలకు విషం పెట్టినప్పుడూ దాదాపు ఇదే అనుభవం.

1978లో స్విట్జర్లాండ్‌లోని రోన్ నది లోయలో కోడి తలల్లో టీకా మందు అమర్చి నక్కల దారుల్లో పడేశారు. వ్యాధి ఆ వరుసను దాటలేదు. ఆ తరువాత కర్మాగారాల్లో తయారైన ఎరలను విమానాల నుంచి జల్లారు. ఫ్రాన్సు 2001లో, జర్మనీ 2008లో నక్కల రేబిస్ నుంచి బయటపడ్డాయి. అమెరికాలో టెక్సాస్ దక్షిణాన 1988లో కుక్కల నుంచి కొయోటీలకు (తోడేళ్లను పోలిన అడవి జంతువులకు) దాటి స్థిరపడుతున్న వంశాన్ని కూడా 1995 నుంచి ఎరల ద్వారానే తుడిచిపెట్టారు. అది మకాం మార్చే దశలోనే ఆపిన ఉదాహరణ కాబట్టి మన చర్చకు మరింత దగ్గరది.

జిజ్ఞాసి

ఒక చిన్న భయం మిగిలింది. ఆ ఎరల్లో ఉన్నది బ్రతికి ఉన్న, బలహీనపరచిన వైరస్ కదా? ఇంతసేపూ మార్పుల గురించే మాట్లాడుకున్నాం. అది నక్కలో పెరుగుతూ తిరిగి పాత బలాన్ని తెచ్చుకోదా?

సూక్ష్మలోకం

ఆ భయం అర్థం లేనిది కాదు. టీకా తయారీదారులకూ అది ఉన్నది.

గ్లైకోప్రోటీన్‌లో 333వ స్థానంలో ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం ఉన్నప్పుడే వైరస్ పెద్ద జంతువుల నాడుల్లోకి బలంగా చొరబడగలదని ప్రయోగాల్లో తేలింది. అక్కడ మరొకటి పెడితే తీవ్రత పడిపోతుంది. కానీ ఒకే అక్షరం మార్చి అలా చేస్తే, నకలు తీసేటప్పుడు ఒకే తప్పుతో అది వెనక్కి రావచ్చు. అందుకని ఎస్ఏజీ2 అనే టీకా వైరస్‌ను ఎంచుకున్నప్పుడు, ఆ స్థానపు సంకేతంలో రెండు అక్షరాలు మారి ఉండేలా చూశారు. రెండు తప్పులూ ఒకేసారి, ఒకేచోట, సరిగ్గా అవసరమైన దిశలో జరిగితే తప్ప ఆర్జినిన్ తిరిగి రాదు. మరో రకం ఎరల్లో అసలు రేబిస్ వైరసే లేదు, వ్యాక్సీనియా (మశూచి టీకాకు వాడిన వైరస్) లో రేబిస్ గ్లైకోప్రోటీన్ జన్యువును మాత్రం అమర్చారు. ఒక్క జన్యువు నుంచి పూర్తి వైరస్ పుట్టదు.

చివరగా నిశాచరి గారి మాటకు ఒక సవరణ. ఇతర లిస్సావైరస్‌లు "అన్నీ గబ్బిలాలవే" అనడం కొంచెం దూరం వెళ్లింది. 1968లో నైజీరియాలో చుంచులలో మొదట దొరికిన మొకోలా వైరస్ ఇంతవరకు ఏ గబ్బిలంలోనూ కనిపించలేదు. 2009లో సెరెంగెటిలో జబ్బుపడిన ఒక పునుగుపిల్లిలో దొరికిన ఇకోమా వైరస్ కూడా అంతే. అక్కడ మాంసాహార జంతువుల్లో ఎంతకాలంగానో రేబిస్ కోసం వెతుకుతున్నవారికి అది మరో జంతువులో తగల్లేదు, కాబట్టి ఆ పునుగుపిల్లి దాని అసలు ఇల్లు కాదని భావిస్తున్నారు. ఈ సవరణ ఊరికే చేయడం లేదు. పాశ్చర్ పరంపర టీకాలు రేబిస్ వంశాలన్నిటి మీదా పనిచేస్తాయని నేను పైన రాసిన మాట రేబిస్ వైరస్ వరకే వర్తిస్తుంది. మొకోలా వంటి దూరపు బంధువుల నుంచి అవి రక్షణ ఇవ్వవు.